తుమార్ కాళ్ళ దారం

జూన్ 19

ఇవాళ గుర్రప్పిల్ల తన్నింది. కుడికాలు, మడమకి కాస్త పైన, వెనకవైపు. టప్పుమని చప్పుడు కూడా వినిపించింది. పెద్ద దెబ్బేం కాదు.

పొద్దున రెండోసారి గుర్రాల పాలు తీస్తున్నాం. బూడిదరంగు గుర్రం పిల్ల కట్టు విడిపించుకుని ఏటివైపు పరుగందుకుంది. మా ఆయన చేతిలో పాలబక్కెట్టు ఉంది. కోడలు జుపార్ చంకలో మనవరాలు తుమార్ ఉంది. ఇక మిగిలింది నేనే కదా. మోకాలి మీదనుంచి ఒక్క ఉదుటున లేచి పరిగెత్తాను. మంచి ఊపులో ఉండగా వెనకనుంచి ఎవరో కట్టెతో కొట్టినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. పిల్లే తన్ని ఉండాలి.

మా ఆయన శార్షెన్‌కి ఈ మాట చెబితే గడ్డం గోక్కున్నాడు.

"నీకు ముందు పరిగెడుతున్న పిల్ల నిన్ను వెనకనుంచి ఎలా తన్నిందే?"

"తన్నింది. తన్నించుకున్న కాలు నాది."

"చుట్టూ తిరిగొచ్చి తన్నిందా? పాపం, ఎంత శ్రమ పడిందో."

ముప్పై ఏళ్ళుగా ఈ మనిషితో వేగుతున్నాను. చివరికి గుర్రప్పిల్ల దానంతటదే తిరిగొచ్చింది. నేనూ ఎవరి సాయం లేకుండానే కొండమీది మా వేసవి గుడారానికి తిరిగొచ్చాను.

జూన్ 20

వాపు ఉంది. ఏటి నీళ్ళలో పెట్టాను, పట్టీ చుట్టాను, దిండు మీద ఎత్తి పెట్టుకున్నాను. బెణికిన కాలికి ఏం చేయాలో నాకొకరు చెప్పక్కర్లేదు. మా ఊరి బడిలో ఆటల టీచర్ని నేను. అక్కడ బెణకని చీలమండ లేదు, నేను కట్టని పట్టీ లేదు. రెండు వారాల్లో లేడిలా తిరుగుతాను.

జూన్ 22

తుమార్ గుడారం గుంజ పట్టుకుని నిలబడింది. తర్వాత గుంజ వదిలేసింది. ఊగింది, మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది, కూలబడింది. ఏడవలేదు. నా మనవరాలు.

మా అబ్బాయి మెడెర్ సాయంత్రం లారీలో వచ్చాడు. అందరం కూర్చుని ముహూర్తం అనుకున్నాం. కొండ దిగి ఊరికి వెళ్ళాక, ఆగస్టు ఆఖరి ఆదివారం, బడి వెనక మైదానంలో తుమార్‌కి తుషో కోత. తెల్ల ఉన్నీ, నల్ల ఉన్నీ కలిపి పేనిన దారం పిల్ల రెండు కాళ్ళకీ కడతారు. మైదానం ఆ చివరనుంచి ఆడవాళ్ళు పరిగెత్తుకొస్తారు. ముందు వచ్చినది కత్తి అందుకుని దారం కోస్తుంది. ఇక ఆ పిల్లకి ఆవిడ నడకే వస్తుంది. మా తాతలనాటి నుంచీ ఇంతే.

మా ఊళ్ళో సగం పిల్లల దారం నేను కోసిందే. బజారులో చకచకా పోతున్నవాళ్ళని చూసి నా పేరు పెట్టి "జూరకాన్ నడక" అంటారు. మాంసం కొట్టువాడి కొడుకులిద్దరూ పోలీసులకి ఇంతవరకూ దొరకలేదు. ఆ పరుగూ నాదే. అందరి పిల్లలకీ కోసి, ఇన్నాళ్ళకి నా ఇంట్లో పిల్లకి కోయబోతున్నాను. ఇంకెవరో కోస్తే నేను బతికుండి ఏం లాభం.

జూన్ 25

వియ్యపురాలు కల్బూబూ ఫోన్ చేసింది. గుట్ట పైకెక్కితేనే ఇక్కడ సిగ్నల్ అందుతుంది. గుట్ట ఎక్కడానికి చాలాసేపు పట్టింది. నిన్న వాన పడి నేల జారుతోంది.

"వదినగారూ, ఈ రోజుల్లో ఇంకా పరుగు పందేలేంటండీ. మా వైపు ఒక మంచి మనిషిని ముందే అనుకుని పిలుస్తాం. మా నెస్తాన్ బిష్కెక్ నుంచి వస్తుంది. దాని నడక చూశారుగా, నెమలిలా ఉంటుంది."

నెస్తాన్ ఆవిడ చిన్నకూతురు. రాజధానిలో ఆఫీసు పని. ఎత్తు మడమల బూట్లు లేకుండా నేల మీద నిలబడటం నేనైతే చూడలేదు.

"నెమలిని కూడా పరిగెత్తమనండి వదినగారూ. గెలిస్తే కోస్తుంది."

"మీరూ పరిగెడతారా ఏంటి, ఈ వయసులో?"

మాట్లాడేలోపే ముందరికాళ్ళకి బంధం వేయడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన విద్య. పరిగెడతాను అన్నాను. ఫోన్ పెట్టేశాక గుట్ట దిగడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

జూన్ 28

మా ఆయన పోరు పడలేక పక్క లోయలో కట్టు కట్టే తాత దగ్గరికి గుర్రం మీద వెళ్ళాం. తాత కాలంతా తడిమాడు. ఎముక బాగుందన్నాడు.

ఇంకేదో కూడా అన్నాడు. అది రాయాల్సిన పని లేదు.

గొర్రె కొవ్వు వేడిచేసి రాసుకుంటున్నాను.

జూలై 3

నొప్పి లేదు.

జూలై 4

నొప్పి లేదని నిన్న రాశాను. నిజంగానే లేదు. కాలివేళ్ళ మీద పైకి లేవడం మాత్రం కుదరడం లేదు. ఎడమకాలి మీద లేస్తున్నాను. కుడిమడమ నేలని వదలనంటోంది. పని లేక బద్ధకం పట్టింది దానికి. బడిలో సెలవుల తర్వాత పిల్లలంతా ఇలాగే ఉంటారు, వారం రోజులు విజిల్ ఊదితే దారికొస్తారు.

జూలై 9

ఇవాళ పరిగెత్తాను.

జూలై 10

పరిగెత్తాను అని రాశాను. అలాగే ఉండనీ.

జూలై 15

జుపార్ నా కాలికి కొవ్వు రాస్తానంది. వద్దన్నా వినలేదు. మాట్లాడదు గానీ మొండిది. మా ఇంటికొచ్చి రెండేళ్ళయింది. తల మీద గుడ్డ జారనివ్వదు, అడిగితే తప్ప పెదవి విప్పదు. దాని తల్లి కల్బూబూ నోట్లోనుంచి మాటలన్నీ ముందే ఖర్చయిపోయి దీనికేమీ మిగల్లేదనుకుంటాను.

రాస్తూ రాస్తూ ఆగింది. ఎడమకాలు కూడా తడిమింది.

"అత్తయ్యా, ఎడమకాలికి మడమ పైన గట్టిగా నరం తగులుతోంది. ఈ కాలికి అక్కడ గుంటలా ఉంది."

"వయసొస్తే గుంటలు పడతాయిలే."

"ఒక్క కాలికేనా?"

కాలు లాక్కున్నాను. నీళ్ళ బిందెలు రెండూ అదే మోసుకొస్తోంది వారం నుంచి, నన్ను అడక్కుండా. నన్నిప్పుడే మంచం ఎక్కించేద్దామనుకుంటున్నావా అన్నాను. కొవ్వు గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. అంత మాట అనకుండా ఉండాల్సింది.

జూలై 24

కల్బూబూ పచ్చిక మైదానాలకి విచ్చేసింది. కుమిస్, అదే పులిసిన గుర్రప్పాలు, తాగితే ఆరోగ్యమని ఎవరో చెప్పారట. మెడెర్ లారీ దిగుతూ, ఊపిరి కూడా తీసుకోకుండా,

"వదినగారూ, కుంటుతున్నారేంటి?"

"కుంటడం లేదు. ఇక్కడ నేల ఎగుడుదిగుడు."

"దిగుతూనే చూశా. ఎగుడంతా మీ కుడికాలి కిందే ఉందేంటండీ?"

మా ఆయన నవ్వు ఆపుకోడానికి గుర్రం వెనక్కి వెళ్ళాడు. నాకు తెలియదనుకున్నాడు.

భోజనాల దగ్గర ఆవిడ అసలు సంగతికి వచ్చింది. మాంసం నములుతూ, చాలా మెత్తగా మాట్లాడింది.

"తప్పుగా అనుకోకండి. మీ మంచికే చెబుతున్నా. కాలు బాగాలేనివాళ్ళు తుషో కోస్తే పిల్లకి ఆ నడకే పట్టుకుంటుంది. మా పినతల్లి ఊళ్ళో ఇలాగే జరిగింది. ఆ పిల్ల ఇప్పటికీ..."

"నేను పందెంలో గెలిస్తేనే కదా కోసేది. గెలిచినదాన్ని కుంటిదంటారా మీ పినతల్లి ఊళ్ళో?"

"గెలిస్తే కదా."

"గెలుస్తాను."

జుపార్ మా ఇద్దరి గిన్నెల్లోనూ టీ పోసింది. ఎవరివైపూ చూడలేదు. ఈ పిల్ల మనసులో ఏముందో దేవుడికే తెలియాలి. తుమార్ దాని కూతురన్న సంగతి మాకెవ్వరికీ గుర్తున్నట్టు లేదు.

కుంటడం లేదు నేను. కాలు కొంచెం పక్కకి పెడుతున్నాను, అంతే.

జూలై 30

తుమార్ నడిచింది. నిజం నడక. గుడారం గుమ్మం నుంచి పొయ్యి దాకా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. మా ఆయన చేతిలో జీను కింద పడేశాడు. జుపార్ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను మాత్రం ఏడవలేదు, చప్పట్లు కొట్టాను, రా రా అని పిలిచాను. అది నా వెనకాలే తిరిగింది పొద్దస్తమానం. నేను పాలకి వెళితే పాలకి, ఏటికి వెళితే ఏటికి. ఇంతగా ఎప్పుడు సంతోషపడ్డానో గుర్తులేదు.

ఆగస్టు 2

తుమార్ కుడికాలు ఈడుస్తోంది.

ఆగస్టు 3

నిన్న ఒక్క ముక్క రాసి పెన్ను పెట్టేశాను. ఇంకా ఏం రాయాలో తోచలేదు.

పాదం పక్కకి తిప్పి, మడమ నేలకి రాస్తూ, ఈడ్చి పెడుతోంది. మొదట ముల్లు గుచ్చుకుందనుకున్నాం. పాదం కడిగి చూశాం, ఏమీ లేదు. తుంటి దగ్గర ఏదో తేడా ఉండి ఉంటుందని మెడెర్ ముఖం మాడ్చుకున్నాడు. చిన్నపిల్లల్లో తుంటి ఎముక జారి ఉంటుందట, నడక వచ్చేదాకా తెలియదట. జుపార్ అన్నం ముట్టలేదు. ఈ సంగతి ఫోన్లో కల్బూబూకి ఎవరు చెప్పారో తెలియదు గానీ నేను గుట్ట ఎక్కేసరికి ఫోన్ మోగింది.

"నే చెప్పలేదూ? ఇంకా దారం కట్టనైనా కట్టలేదు."

ఫోన్ పెట్టేసి గుట్ట దిగాను. జిల్లా ఆసుపత్రికి ఎల్లుండి వెళుతున్నాం.

ఆగస్టు 5

అంతా రాయాలి. ఒకటీ వదలకుండా రాస్తాను.

డాక్టరు పడుచుపిల్ల, జుట్టు కురచగా కత్తిరించుకుంది. తుమార్‌ని బల్ల మీద పడుకోబెట్టి కాళ్ళు మడిచింది, విప్పింది, తిప్పింది. ఎక్స్‌రే ఫోటో తీయించింది. చాలాసేపు చూసింది.

"పిల్ల కాళ్ళు బంగారంలా ఉన్నాయి. తుంటి బాగుంది, మోకాలు బాగుంది, అన్నీ బాగున్నాయి."

"మరి ఎందుకు ఈడుస్తోంది?" అన్నాడు మెడెర్.

"ఇంట్లో ఎవరైనా ఇలా నడుస్తారా?"

మా ఆయన పైకప్పు చూస్తున్నాడు. మెడెర్ కిటికీ. జుపార్ నేల. అప్పుడు డాక్టరు నావైపు తిరిగింది.

"అమ్మా, మీరొకసారి ఆ తలుపుదాకా నడిచి రండి."

నడిచాను. చేతనైనంత చక్కగా నడిచాను, వీపు నిటారుగా పెట్టి, బడిలో కవాతు చేయించినట్టు. తలుపు దాకా వెళ్ళేసరికి వెనక చప్పుడు వినిపించింది. జుపార్ బల్ల మీదనుంచి దించినట్టుంది, తుమార్ నా వెనకే వస్తోంది. ఒక అడుగు టప్పున పడుతోంది, ఒకటి సర్రున ఈడుస్తోంది. నేను ఆగితే అదీ ఆగింది. తిరిగి చూస్తే నన్ను చూసి నవ్వింది, సరిగ్గా చేశానా అన్నట్టు.

తలుపు పట్టుకుని నిలబడ్డాను.

డాక్టరు నన్ను బోర్లా పడుకోమంది. పాదాలు బల్ల చివర బయటికి వేలాడేలా. ఎడమ పిక్క పిండింది, ఎడమ పాదం కదిలింది. కుడి పిక్క పిండింది. ఏమైందని తల తిప్పి అడిగాను. ఏమీ కాలేదు, అదే సమస్య, పాదం కదలాలి, అంది.

"మొదట్లో వెనకనుంచి ఎవరో కొట్టినట్టనిపించిందా?"

"గుర్రప్పిల్ల తన్నింది."

"అందరూ ఇలాగే అంటారమ్మా. కిందటేడు ఒకాయన వాలీబాల్ ఆడుతూ, తన్నావని వెనకున్నవాణ్ణి కొట్టేశాడు కూడా. ఎవరూ తన్నలేదు. పిక్కనీ మడమనీ కలిపే తాడు ఉంటుంది, అది తెగిపోయింది. టప్పున చప్పుడు వినిపించి ఉంటే అది అదే. ఇన్నాళ్ళూ ఎలా నడిచారు?"

"కాళ్ళతో."

"అప్పుడే వచ్చుంటే కట్టుతో సరిపోయేదేమో. ఇప్పుడు కోసి కుట్టాలి. ఎముకలు కట్టేవాళ్ళెవరికీ చూపించలేదా?"

మా ఆయన అప్పుడు నోరు విప్పాడు. "చూపించాం. ఎముక బాగుంది, ఇది నా చేతిలో పని కాదు, వెంటనే పట్నం పొమ్మన్నాడు ఆయన. ఈవిడ సగమే విన్నది."

అంత అవసరమా ఆ మాట.

ఆగస్టు ముప్పై తర్వాత కుట్టండి అన్నాను డాక్టరుతో. ముప్పైన నేను పరిగెత్తాలి అన్నాను. తుషో అని చెప్పాను. నా మొహంలోకి చూసి చెప్పింది, వెక్కిరింతగా కాదు.

"ముప్పైనే కాదు, ఈ ఏడాదే మీరు పరిగెత్తలేరు. ఎంత ఆలస్యం చేస్తే అంత కష్టం. తర్వాత నేను కుట్టినా ఈ కుంటు పూర్తిగా పోతుందని చెప్పలేను."

నన్ను పరిగెత్తలేవని చెప్పే మనిషి ఇంకా పుట్టలేదు అన్నాను. ఆ డాక్టరు పిల్ల పుట్టేనాటికి నేను జిల్లా పందేల్లో గెలుస్తున్నాను. లేచి వచ్చేశాను. కుడికాలు ఈడుస్తూనే వచ్చేశాను.

ఆగస్టు 6

వెళ్ళను. ఒక్క పందెం. ఆ తర్వాత కోసుకోండి, ఏమైనా చేసుకోండి.

ఆగస్టు 7

వెళ్ళను.

ఆగస్టు 8

ఇవాళ మధ్యాహ్నమంతా గడ్డిలో కూర్చున్నాను. లేవలేదు. తుమార్ గుర్రాల తాడు చుట్టూ, పొయ్యి చుట్టూ, కుక్క వెనకా తిరుగుతూనే ఉంది. రెండు కాళ్ళూ సమానంగా పడుతున్నాయి. చూసేకొద్దీ చూడాలనిపించేలా నడుస్తోంది.

పాల సమయమై నేను లేచాను. నాలుగడుగులు వేశానో లేదో, అది నా పక్కకొచ్చి పాదం తిప్పి ఈడవడం మొదలుపెట్టింది.

మళ్ళీ కూర్చున్నాను. కాసేపటికి అది మామూలుగా నడిచింది. మళ్ళీ లేచాను. మళ్ళీ ఈడ్చింది. జుపార్ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. ఒక్క మాట అనలేదు. అనుంటే తిట్టి పడేసేదాన్ని, కాస్త తేలికగా ఉండేది.

దారం కోసినవాళ్ళ నడక వస్తుందని నేనే ఊరంతా చెప్పుకు తిరిగాను. దారం దాకా ఆగలేదు ఈ పిల్ల. రోజూ ఎవరి వెనక తిరిగిందో వాళ్ళ నడక నేర్చేసుకుంది. అందంగా ఏమీ లేదు ఆ నడక. అది నా నడక. కుంటుతున్నాను నేను, ఏడు వారాలుగా.

పందెం నాకు కావాలి. ఇప్పటికీ కావాలి. కానీ కావలసింది దాని కాళ్ళ కోసమే కదా. మెడెర్‌ని పిలిచి రేపు లారీ తియ్యరా అన్నాను. ఎక్కడికి అని అడిగాడు. వాళ్ళ నాన్న వాడి నెత్తి మీద ఒకటి వేశాడు.

ఆగస్టు 12

నిన్న కోసి కుట్టారు. మోకాలి దాకా పిండికట్టు. వేళ్ళు కిందికి చూస్తున్నాయి. నొప్పి ఉంది. చాలా ఉంది. రాయడానికి సిగ్గేం లేదు.

ఆగస్టు 15

ఆసుపత్రి నుంచి పంపేశారు. కొండమీదికి వెళ్ళనన్నాను. ఈ చంకకర్రల నడక కూడా చూస్తే తుమార్ ఎక్కణ్ణుంచో రెండు పుల్లలు తెచ్చుకుంటుంది. అది నన్ను చూడకూడదు, దాని నడక దానికి కుదురుకునేదాకా. మరి ఎక్కడుంటావు అని మా ఆయన అడిగాడు. ఈ పట్నంలో మాకున్న చుట్టాలు ఒక్కరే.

ఇది కల్బూబూ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. శత్రువు కోటలో.

ఆగస్టు 18

ఇక్కడ రోజుకో ప్రవచనం. "మీరు మొదటే నా మాట వినుంటే" తో మొదలు. కానీ అన్నం వేళకి పెడుతోంది, కాలి కింద దిండు సర్దుతోంది, నాకు ఇష్టమని రోజూ రొట్టెలు పొరలు పొరలుగా వేస్తోంది. తిడుతూ పెట్టేదాని చేతి వంట ఇంత రుచిగా ఎందుకుంటుందో.

ఇల్లంతా క్యాబేజీ వాసన. కూరలో మాత్రం ఎక్కడా కనపడదు. ఇవాళ పొద్దున ఆవిడ గది తలుపు తోసేసరికి దొరికింది. రెండు మోకాళ్ళకీ నొప్పికని క్యాబేజీ ఆకులు కట్టుకుని, మంచం అంచున కూర్చుని పిసుక్కుంటోంది.

"ఎన్నాళ్ళనుంచి వదినగారూ?"

"ఏం లేదండీ. మెట్లు ఎక్కువైతే కొంచెం."

"మీ ఇంటికి మెట్లే లేవుగా."

మొహం పక్కకి తిప్పుకుంది. కూర్చున్నచోటు నుంచి చేతులూని లేచి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, అప్పుడు మామూలు నడకలోకి వచ్చింది. ఇన్నాళ్ళూ నేను చూడలేదు. నా కాలు ఎవరూ చూడకుండా దాచడంలో నాకెక్కడ తీరింది.

ఇద్దరం మోకాళ్ళ గురించీ మడమల గురించీ మాట్లాడుకున్నాం, టీ చల్లారిపోయేదాకా. నెస్తాన్ మాత్రం పందేనికి వస్తుందట. తెల్ల పరుగు బూట్లు కొందట. రమ్మనండి, గెలిస్తేనే కోస్తుంది అన్నాను. గెలుస్తుంది అంది. మళ్ళీ యుద్ధం మొదలైంది. మనసు కుదుటపడింది.

ఆగస్టు 22

జుపార్‌తో ఫోన్.

"ఈడుస్తోందా?"

"ఒక్కోసారి."

"ఒక్కోసారి అంటే?"

"మీరెక్కడని వెతుకుతుంది అత్తయ్యా. మీ పాలబక్కెట్టు దగ్గరికి వెళ్ళినప్పుడు."

పెట్టేశాను. కల్బూబూ ఉల్లిపాయలు తెచ్చి నా ముందు పడేసింది తరగమని. కళ్ళనీళ్ళకి ఒక సాకు దొరికింది.

ఆగస్టు 29

రేపే. మా ఊరు వచ్చేశాను, పక్కింట్లో ఉన్నాను. గోడ అవతల తుమార్ గొంతు వినిపిస్తోంది.

ఆగస్టు 30

ఎండ బాగా కాసింది. బడి వెనక మైదానంలో ఊరంతా ఉన్నారు. గమ్యం గీత దగ్గర నాకు కుర్చీ వేశారు, కాలు పెట్టుకోడానికి ఒక బల్ల. ఇన్ని పందేలు గెలిచినదాన్ని కాబట్టి కత్తి నా చేతిలో పెట్టి, ఎవరు ముందొస్తే వాళ్ళకివ్వమన్నారు. మర్యాద అన్నారు. కుర్చీలో కూర్చున్నవాళ్ళకిచ్చే మర్యాద నాకు వద్దు, కానీ కత్తి మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

శార్షెన్ తుమార్‌ని తెచ్చి గీత దగ్గర నిలబెట్టాడు. కాళ్ళకి నలుపూ తెలుపూ దారం. కొత్త గౌను. నన్ను చూసి చేతులు చాపింది. రాబోయి, దారం ఆపేసింది, వాళ్ళ తాత పట్టుకున్నాడు.

మైదానం ఆ చివర ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. తెల్లబూట్లతో నెస్తాన్. బడి వంటమనిషి. మా వీధి పడుచులు. పందెం మొదలని చెయ్యి ఊపబోతుంటే ఇంకొకామె వచ్చి చివర నిలబడింది. తలగుడ్డ విప్పి నడుముకి కట్టుకుంది. బూట్లు విప్పి పక్కన పెట్టింది. ఎవరో పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టింది. తలగుడ్డ లేకుండా జుపార్‌ని నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇదేంటి, తల్లి పరిగెత్తుతుందా ఎక్కడైనా?" అంది కల్బూబూ నా పక్కన. "వెనక్కి రావే. పరువు తీస్తున్నావ్."

చెయ్యి ఊపేశారు.

అలా పరిగెత్తే మనిషిని ఈ మైదానంలో నేను చూసి చాలా కాలమైంది. చేతులు బిగించలేదు, తల ఊపలేదు, నేల మీద ఉన్నట్టే లేదు. సగం దూరంలో నెస్తాన్‌ని దాటింది. చెల్లెలివైపు చూడనైనా లేదు. కుర్చీ చేతులు పట్టుకుని నేను అరుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది. పక్కన కల్బూబూ కూడా అరుస్తోంది. ఇద్దరు కూతుళ్ళలో ఎవరి పేరు అరిచిందో ఆవిడకే తెలియాలి.

జుపార్ గీత దాటింది. గుసగుసలు మొదలయ్యాయి. తల్లి కోయడం ఇంతవరకూ లేదని పెద్దాయన ఒకడు అన్నాడు. అందరూ నావైపు చూశారు.

"లేదు, నిజమే," అన్నాను. "తల్లి పరిగెత్తకూడదని మాత్రం ఎవరు చెప్పారు? మీలో ఎవరికైనా మీ అమ్మ చెప్పిందా? నాకు చెప్పలేదు. ముందు వచ్చినదానిదే కత్తి."

కత్తి చాపాను. జుపార్ రొప్పుతూ మోకాళ్ళ మీద కూర్చుంది. కత్తి తీసుకుంది. తీసుకుని, రెండు చేతుల్లో పెట్టి, మళ్ళీ నాకే చాపింది.

"మీ కోసమే పరిగెత్తాను అత్తయ్యా. ఇది మీది. మీరే కొయ్యండి."

మా ఆయన ముక్కు ఎగబీల్చాడు. నాకు ఏడుపు వచ్చింది. రాయకపోతే అబద్ధమవుతుంది, నా చెయ్యి ముందుకి వెళ్ళింది. కత్తి పిడి వేళ్ళకి తగిలింది కూడా. ఈ వేసవంతా నేను కోరుకున్నది అదొక్కటే.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నీ కాళ్ళతో గెలిచింది నా చేతిలో పెడతావేమే? నేను గెలవని పందెంలో ఇంతవరకూ దారం కోయలేదు. ఇప్పుడు జాలి మీద కోయమంటావా?"

"జాలి కాదత్తయ్యా."

"ఏదైనా సరే. కొయ్యి. అది నీలా పరిగెత్తాలి. నాకు అదే కావాలి."

జుపార్ కోసింది. ఒక్క వేటుకే తెగింది.

తుమార్ కింద పడిన దారం వైపు చూసింది. నావైపు చూసింది. నేను పిండికట్టు కాలు కుర్చీ వెనక్కి దాచుకోబోయాను. ఎక్కడ దాచను అంత కాలు. అది ఒక అడుగు వేసింది. కుడికాలు. మడమ ఆని, వేళ్ళు నొక్కి, లేచింది. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. నా కుర్చీ దాకా వచ్చి, బల్ల మీదున్న నా కాలిని ఒకసారి చేత్తో తట్టి, నన్ను దాటి వెళ్ళిపోయింది. జనం పక్కకి జరిగారు. అవతల బోలెడంత మైదానం, దాని అవతల రోడ్డు, కొండలు.

"పిల్ల వెళ్ళిపోతోంది, పట్టుకోండి," అంది కల్బూబూ.

మెడెర్ అడుగు ముందుకేశాడు. చంకకర్ర అడ్డంపెట్టి ఆపాను.

"ఎవరూ పట్టుకోకండి. పోనీ," అన్నాను.